గోడ పక్క

ఆ పడవ మేస్త్రి షెడ్డులోకి వచ్చేనాటికి దాని ఒంటిమీద ఆరు రంగులూ, కడుపులో జానెడు మందాన కోడిరెట్టా ఉన్నాయి. కోళ్ళఫారం ఆసామి ఒకాయన దాన్ని ఇరవై ఏళ్ళపాటు నీళ్ళతొట్టిగా వాడుకున్నాడు. పదహారడుగుల ఫైబర్‌గ్లాస్ మోటారు బోటు, అందులోనూ ఏడంటే ఏడే తయారైన రకం, చివరికి కోళ్ళ దాహం తీరుస్తూ బతికింది. దాని రాత అలా ఉంటే ఎవరేం చేస్తారు.

దాన్ని వెతికి పట్టి కొనుక్కొచ్చినావిడ పళ్ళ డాక్టరు. ప్రాక్టీసు మానేసి ఏడాదైంది. "ముప్పై అయిదేళ్ళు జనం నోళ్ళలోకి చూశాను మేస్త్రిగారూ, ఇక మిగిలిన కాలం నీళ్ళకేసి చూస్తాను" అంటుంది. అందుకు మామూలు పడవ సరిపోదట. ఒక పాత కరపత్రాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి పసిబిడ్డను ఎత్తుకున్నట్టు పట్టుకుని తిరుగుతోంది. అందులో లేత ఆకుపచ్చ పడవ, తెల్లటి సీట్లు, వాటిమీద ఎందుకు నవ్వుతున్నారో తెలియని ఇద్దరు దంపతులు.

"ఇలా కావాలి. పుట్టినప్పుడు ఎలా ఉందో అచ్చం అలా. వచ్చే నెల పాత పడవల ప్రదర్శన ఉంది. అక్కడికొచ్చే పెద్దమనుషులు భూతద్దాలు పెట్టి చూస్తారట."

మేస్త్రి తల ఊపాడు. అది పుట్టినప్పుడు ఎలా ఉందో ఆయనకు కరపత్రం చూపించనక్కర్లేదు. ఇంజను బిగించే చెక్కకు లోపలివైపు ఏడో అంకె చెక్కి ఉంది. ఆ అంకె కంటబడగానే ఆయన దాన్ని బొటనవేలితో తుడిచి మళ్ళీ చూశాడు. ఏడో పడవకు పురుడు పోసింది ఆయనా, ఆయన అక్క మొగుడైన బావా. ఆ పురిట్లోనే ఫ్యాక్టరీ పోయింది, బావ ఉద్యోగం పోయింది, బావకీ ఆయనకీ మధ్య మాటలు పోయాయి. ముప్పై ఒక్క ఏళ్ళయింది.

"ఏం, చేయలేరా?" అంది డాక్టరమ్మ, ఆయన మొహం చూసి.

"ఎందుకు చేయలేనమ్మా. నా చేతుల మీద పుట్టిందే."

అసలు తయారుచేసిన మనిషే దొరికాడని ఆవిడ ఒకటే సంబరం. మిగతా కథ ఆయన చెప్పలేదు. అడిగినా చెప్పేవాడు కాదు.

ఫైబర్‌గ్లాస్ పడవ బయటినుంచి లోపలికి తయారవుతుంది. పడవ ఆకారంలో ఒక పెద్ద అచ్చు ఉంటుంది, తొట్టిలాగా. దాని లోపలంతా మైనం రాసి, ఆరనిచ్చి, తుడుస్తారు. దానిమీద రంగు కలిపిన పైపూత వేస్తారు. ఆ పూత మీద గాజునార పరిచి రెసిన్ జిగురు పట్టించి, మళ్ళీ పరిచి మళ్ళీ పట్టించి, అంతా గట్టిపడ్డాక పడవను అచ్చులోంచి పైకి లాగుతారు. మైనం ఉన్నచోట పడవ అచ్చును వదులుతుంది, లేనిచోట వదలదు. విద్యంతా ఇంతే. కానీ ఈ ఇంతలోనే కొంపలు మునుగుతాయి.

మైనం పని ఇద్దరిది. అచ్చు కుడిపక్క గోడకు దగ్గరగా ఉండేది. ఆ ఇరుకు సందులో నిలబడి, అంచు మీదుగా లోపలికి వంగి చేయాలి. కుర్రాడు కాబట్టి ఆ గోడ పక్క మేస్త్రికి, పెద్దవాడు కాబట్టి హాయిగా ఉండే ఎడమపక్క బావకి. అలా ఆరు పడవలు చేశారు. చేసే తీరు మాత్రం ఎవరిది వాళ్ళదే. బావ ముందునుంచి వెనకదాకా తాడు లాగినట్టు ఒకే ఊపున నిలువు గీతలుగా రాసుకుంటూ పోయేవాడు. మేస్త్రి గుండ్రంగా సున్నాలు చుట్టేవాడు. "పలక తుడుస్తున్నావేంట్రా? గీత లాగు, గీత" అని బావ రోజూ ఆటపట్టించేవాడు. "మైనం అంటుకుంటే చాలదా బావా, గీతైతే ఏంటి, సున్నా అయితే ఏంటి" అనేవాడు మేస్త్రి. ఇద్దరూ ఒకేసారి చేయాలన్న నియమం కూడా లేదు. ఎవరికి ఎప్పుడు వీలైతే అప్పుడు తన పక్క రాసి తుడిచి వెళ్ళిపోయేవాళ్ళు. తుడిచిన మైనం కంటికి కనబడదు.

ఏడో పడవ అచ్చులోంచి రాలేదు. కుడిపక్క చక్కగా వదిలింది, ఎడమపక్క పట్టేసింది. చెక్కమేకులు దిగ్గొట్టారు, సందుల్లోకి నీళ్ళు పంపారు, గొలుసులు కట్టి లాగారు. రెండు రోజులు తంటాలు పడ్డాక అచ్చును ముక్కలుగా కోసి పడవను బయటికి తీయాల్సి వచ్చింది. ఇక అచ్చు లేదు, అచ్చు లేకపోతే ఎనిమిదో పడవ లేదు.

యజమాని అందర్నీ వరసగా నిలబెట్టాడు. "ఎడమపక్క ఎవరిది?"

"నాదే" అన్నాడు బావ. "కానీ ఈసారి మేం పక్కలు మార్చుకున్నాం. గోడ పక్క నేను చేశాను."

యజమాని మేస్త్రి వైపు తిరిగాడు. "మార్చుకున్నారా?"

"లేదండీ. గోడ పక్క నేనే చేశాను."

అప్పటికి మేస్త్రికి ఇరవై నాలుగేళ్ళు. భయపడి అన్న మాట కాదది. ఆ సందులో నిలబడి, వంగి, సున్నాలు చుట్టుకుంటూ పోయిన సంగతి ఆయన చేతులకు గుర్తుంది. ఉన్నదున్నట్టు చెప్పాడు. బావ ఒక్కసారి అతనికేసి చూసి, చేతులు తుడుచుకుని వెళ్ళిపోయాడు.

మైనం రాయడం మరిచిపోవడమే కాక, తప్పును బావమరిది మీదికి నెట్టబోయాడని ఊరంతా పాకింది. మరే పడవల షెడ్డూ ఆయనకు పని ఇవ్వలేదు. పేరు పోయి 'మైనం' అన్న పిలుపు మిగిలింది. "అదుగో, మైనం వస్తున్నాడు" అని టీ కొట్టు దగ్గర నవ్వుకునేవాళ్ళు. అంత పనిమంతుడూ స్నానాల తొట్లకీ నీళ్ళ ట్యాంకులకీ మాట్లు వేసుకుంటూ బతికాడు. పడవకు ఎడమపక్క చీలికల మీద అతుకులు వేసి, అవి కనిపించకుండా ఒంటినిండా మందపాటి రంగు కొట్టి, వచ్చిన ధరకు అమ్మేశారు. కొద్ది నెలలకే ఫ్యాక్టరీ తలుపులు మూశారు.

అక్క సంగతి ఇంకో రకం. ఆ సాయంత్రం ఆవిడ తమ్ముడి దగ్గరికి పరిగెత్తుకొచ్చి, "నిజం చెప్పరా" అంది. "ఒట్టు అక్కా, మేం మార్చుకోలేదు" అన్నాడు తమ్ముడు. ఆవిడ నమ్మింది. ఇంటికి వెళ్ళి మొగుడితో పోట్లాడలేదు, క్షమించేసింది. "తప్పు చేయనివాళ్ళెవరు, ఒప్పుకుంటే సరిపోయేది" అని అప్పుడప్పుడూ అనేది, అంతే. బావ ఏదో చెప్పబోతే "పోనీలెండి, అయిందేదో అయిపోయింది" అంటూ వంటింట్లోకి వెళ్ళిపోయేది. తన మంచితనానికి గుర్తుగా ఆ సంగతి తనే వచ్చి తమ్ముడికి చెప్పింది కూడా.

పడవ పని పద్ధతిగా సాగింది. రెట్ట నానబెట్టి, గోకి, కడగడానికే నాలుగు రోజులు పట్టింది. కుళ్ళిన నేల చెక్క పీకేసి కొత్త పలకలు వేశాడు. స్టీరింగు చక్రానికి పగుళ్ళు పూడ్చాడు. తర్వాత రంగుల పని. ఎరుపు, దాని కింద నీలం, దాని కింద పసుపు, కొన్నవాడల్లా తన మోజు కొద్దీ ఒక పొర దిద్దాడు. రంగు ఊడగొట్టే మందు వాడితే అసలు పూత కూడా కరిగిపోతుంది. అందుకని చెక్క బద్దతో గోకడం, తడి ఉప్పుకాగితంతో రుద్దడం, అలా పద్దెనిమిది రోజులు. కుడిపక్క పాత పైపూత చెక్కుచెదరకుండా బయటపడింది, కరపత్రంలో ఉన్న లేత ఆకుపచ్చే. ఎడమపక్క మాత్రం ఎక్కడ చూసినా అతుకులే. అక్కడ కొత్త పూత వేయాలి, అది కుడిపక్క రంగుతో కలవాలి.

ఆ రంగు పాళ్ళు బావకే తెలుసు. ఫ్యాక్టరీలో రంగులు కలిపింది ఆయనే. మేస్త్రి పంతానికి పోయి సొంతంగా మూడుసార్లు కలిపాడు. మూడోది చూసి డాక్టరమ్మ, "ఇది మా ఆసుపత్రి గోడ రంగు. ముప్పై అయిదేళ్ళు చూశాను, ఇక నావల్ల కాదు" అంది.

చేసేది లేక అక్కకు ఫోను చేశాడు. మర్నాడే ఆవిడ ఒక కాగితం పట్టుకొచ్చింది. ఆకుపచ్చ ఎంత, తెలుపు ఎంత, పసుపు ఎన్ని చుక్కలు, పసుపు ఆఖర్న వేయాలి, ఎండ ముదిరాక కలపకూడదు, అన్నీ పొందిగ్గా రాసి ఉన్నాయి.

"ఏమన్నాడు?" అని అడిగాడు మేస్త్రి.

"ఏమంటారు? కళ్ళజోడు అడిగారు. రాసిచ్చారు."

ఆ పాళ్ళలో కలిపిన పూత కుడిపక్క రంగులో ఇట్టే కలిసిపోయింది. 'పనిమంతుడే, కాదన్నదెవరు? ఆ ఒక్కరోజు ఒళ్ళు మరిచాడు, ఆ మాట ఒప్పుకోలేదు, అక్కడే వచ్చింది చిక్కు' అనుకుని మేస్త్రి కాస్త జాలిపడ్డాడు. తన తప్పేమీ లేదనుకునే మనిషికి అవతలివాడి మీద జాలిపడటం చాలా తేలిక.

డాక్టరమ్మ వారానికి రెండుసార్లు వచ్చేది. పాత అలవాటు కొద్దీ నోట్లో పెట్టి చూసే బుల్లి అద్దమూ, నుదుటికి కట్టుకునే దీపమూ వెంట తెచ్చుకునేది. సీట్ల కింద అద్దం దూర్చి, "ఇక్కడ గార పట్టింది చూడండి" అనేది. ప్రదర్శన ఇంకా పన్నెండు రోజులుందనగా ఆవిడ కుడిపక్క నేలమీద చతికిలబడి, దీపం చేత్తో పట్టుకుని పక్కవాటుగా వెలుగు కొట్టించి చూస్తోంది.

"మేస్త్రిగారూ, ఇవేంటి? సూదితో పొడిచినట్టు గుంటలున్నాయి."

"మైనం ఎక్కువైతే అలాగే అవుతుందమ్మా. అది మందంగా ఉన్నచోట పూత నిలవకుండా పక్కకు తొలుగుతుంది. లప్పం పెట్టి నింపేస్తాలెండి."

"పుచ్చులైతే ఎక్కడపడితే అక్కడ ఉంటాయి. ఇవి వరసలో ఉన్నాయే! ఇదుగో, ఇక్కడ గుండ్రంగా. మళ్ళీ వీటి అడుగున చూడండి, ఆ చివరనుంచి ఈ చివరిదాకా పొడుగ్గా గీతలు. ఇద్దరు మనుషులు రెండు రకాలుగా రుద్దినట్టు."

మేస్త్రి నవ్వుతూ వంగాడు. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

సున్నాలు తనవి. అందులో అనుమానం లేదు. వాటి అడుగున ముందునుంచి వెనకదాకా అరచేయంత ఎడంతో గీతలు, ఒకదాని పక్కన ఒకటి, ఎక్కడా తెగకుండా. ఆ ఫ్యాక్టరీలో అలా గీత లాగేవాడు ఒక్కడే. ఆ ఒక్కడూ ఎడమపక్క మనిషి. గోడ పక్క ఆయనకేం పని?

"ఏమైంది? ఒంట్లో బాగాలేదా?"

"ఏం లేదమ్మా."

"అయితే నింపేయండి. రోజులు దగ్గర పడుతున్నాయి" అని ఆవిడ అద్దం, దీపం సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది.

మేస్త్రి పీట లాక్కుని ఆ గీతల ముందు కూర్చున్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఎటుపోయిందో తెలియని మాట ఒకటి నెమ్మదిగా వచ్చి చెవిలో పడింది. మైనం రాయడానికి ముందురోజు సాయంత్రం, కుళాయి దగ్గర ఇద్దరూ చేతులు కడుక్కుంటున్నారు. రెసిన్ డ్రమ్ము ఎత్తి తనకు నడుం పట్టేసింది. "ఆ నడుంతో సందులో ఏం వంగుతావురా. రేపు పొద్దున్న గోడ పక్క నేను కానిచ్చేస్తా. నువ్వు నింపాదిగా మధ్యాహ్నం వచ్చి ఈవలి పక్క చేసుకో" అన్నాడు బావ. "సరే బావా" అన్నాడు తను. రాత్రి తైలమేదో రాసుకుని పడుకుంటే పొద్దుటికి నొప్పి పోయింది. నొప్పితోపాటు ఆ మాట కూడా పోయింది. మధ్యాహ్నం వెళ్ళేసరికి బావ లేడు, రంగులు తేవడానికి బజారుకు వెళ్ళాడు. అలవాటైన కాళ్ళు అలవాటైన సందులోకే నడిచాయి. బావ రాసి తుడిచిన దానిమీదే తను మళ్ళీ శుభ్రంగా సున్నాలు చుట్టి వచ్చాడు. ఆ రోజు తన వంతు ఎడమపక్క. దానికి మైనం రాయనిది తను.

ఆయన లేచి లప్పం కలిపాడు. పలక మీద ముద్ద వేసి, గట్టిపడే మందు పిండి, గరిటెతో తిప్పాడు. మందు పడ్డాక పదిహేను నిమిషాలే టైము, ఆ లోపల పెట్టేయాలి. పెట్టేస్తే గుంటలు పూడిపోతాయి. రుద్ది మెరుగు పెడితే ఇక దేవుడు దిగొచ్చినా ఆ గీతలు చూడలేడు. డాక్టరమ్మ పెట్టమనే చెప్పింది. పెట్టమన్నది పెట్టడంలో తప్పేముంది? ఇన్నేళ్ళ తర్వాత ఇది తవ్వి తీస్తే ఎవరికి ఒరిగేదేమిటి? తోడబుట్టినవాళ్ళలో అక్క ఒక్కతే మిగిలింది. ఆవిడ దృష్టిలో తన తమ్ముడు చచ్చినా అబద్ధం ఆడనివాడు. మనవల దగ్గర కూడా ఆ మాటే చెబుతుంది. అక్క కళ్ళల్లో ఆ నమ్మకం పోతే తనకు మిగిలేదేమిటో ఆలోచించడానికే ఆయనకు భయం వేసింది.

గరిటె అంచుకు లప్పం తీసుకుని మొదటి గీత దాకా వెళ్ళాడు. చెయ్యి ఆడలేదు. అవతల బావ మొహం, ఇవతల అక్క మొహం, మధ్యలో గరిటె. ఆయన అలా నిలబడే ఉన్నాడు. పలక మీద లప్పం వేడెక్కి, ముద్ద కట్టి, రాయిలా బిగుసుకుపోయింది. దాన్ని పలకతో సహా చెత్తబుట్టలో పడేసి, చొక్కా మార్చుకుని బయల్దేరాడు.

బావ ఇంటి వసారాలో ఎవరిదో స్నానాల తొట్టి బోర్లించి దానికి మాటు వేస్తున్నాడు. మనిషి చిక్కిపోయాడు. వేళ్ళు వంకర్లు తిరిగాయి, గరిటె పట్టుకోవడానికి పిడికి గుడ్డ చుట్టుకున్నాడు. మేస్త్రిని చూసి చెయ్యి ఆపలేదు.

"రంగు కుదరలేదా?"

"కుదిరింది బావా. అందుకు రాలేదు. ఒకసారి షెడ్డుకి రావాలి నువ్వు."

బావ తలెత్తి ఆ మొహం కాసేపు చూశాడు. గరిటె కడిగి పక్కన పెట్టి, చెప్పులు వేసుకున్నాడు.

షెడ్డులో మేస్త్రి తన దీపం ఒకటి వెలిగించి పక్కవాటుగా పెట్టాడు. బావ కళ్ళజోడు సర్దుకుని వంగి చూశాడు. తర్వాత కళ్ళు నమ్మనట్టు వేళ్ళతో తడిమాడు. ఒక గీత పట్టుకుని ముందునుంచి వెనకదాకా నడిచాడు.

"నావే" అన్నాడు.

"నువ్వు ముందురోజే చెప్పావు. నేను సరే అన్నాను. మరిచిపోయాను బావా. మధ్యాహ్నం వచ్చి నువ్వు రాసిన దానిమీదే రాశాను. నేను చెప్పింది అబద్ధమని నాకు తెలీదు. కానీ అబద్ధమే. నీ బతుకు నేను పాడుచేశాను." యాభై అయిదేళ్ళ మనిషి చిన్నపిల్లాడిలా మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

బావ పీట మీద కూర్చున్నాడు.

"ఇదంతా నాకెందుకు చెప్తున్నావురా?"

మేస్త్రికి అర్థం కాలేదు.

"గోడ పక్క చేసింది నేనే. ఆ సంగతి నాకు ఆ రోజే తెలుసు. నువ్వు మరిచిపోయుంటావనీ తెలుసు. కావాలని అనేవాడివి కాదు నువ్వు. నాకు తెలిసింది నాకే తీసుకొచ్చి చూపిస్తే ఏం లాభం? తెలీనివాళ్ళకి చూపించు."

"రేపే టీ కొట్టు దగ్గర నలుగురిలో నిలబడి చెప్తాను బావా. అందరికీ చెప్తాను."

"ఎవరికి? నన్ను మైనం అన్నవాళ్ళలో సగంమంది పోయారు. మిగిలినవాళ్ళకి అలా ఎందుకంటారో కూడా గుర్తుండదు. వాళ్ళతో నాకేం పని." బావ కళ్ళజోడు తీసి అద్దాలు తుడుచుకున్నాడు. "మీ అక్కకి చెప్పు."

మేస్త్రి నేలకేసి చూశాడు.

"ముప్పై ఒక్క ఏళ్ళుగా నాకు అన్నం పెడుతోంది. జ్వరమొస్తే పక్కన కూర్చుంటుంది. ఏ లోటూ చేయలేదు. కానీ ఈయన అబద్ధం ఆడాడు, అయినా నేను సర్దుకుపోతున్నాను అనుకుంటూనే పెడుతోందిరా. తిట్టినా బాగుండేది. ఆ క్షమించడమే నాకు మింగుడు పడలేదు."

"నువ్వే తీసుకొచ్చి చూపించు బావా. నా మొహం చెల్లదు."

"నేను చూపిస్తే ఏముంది? నేను చెప్పాల్సింది అప్పుడే చెప్పాను. ఆవిడ నమ్మింది నిన్ను. నువ్వే చెప్పాలి." అంటూ బావ మోకాళ్ళు పట్టుకుని లేచాడు. వెళ్తూ వెళ్తూ ఎడమపక్క కొత్త పూత మీద చెయ్యి వేసి చూసి, "పసుపు ఒక చుక్క ఎక్కువైంది" అన్నాడు.

బావ వెళ్ళాక మేస్త్రి ముందుగా డాక్టరమ్మకు ఫోను చేశాడు. గుంటలు నింపనని, ఎందుకు నింపనో కూడా దాచకుండా చెప్పాడు. ప్రదర్శనలో వంక పెడితే తన పేరు చెప్పమన్నాడు.

"పుట్టినప్పుడు ఎలా ఉందో అలా చేయమన్నాను కదా" అంది ఆవిడ. "పుట్టుమచ్చలు నేనెందుకు తీయిస్తాను? ఉంచేయండి. వాళ్ళు భూతద్దాలు పెట్టి అడిగితే నేనే చెప్తాను."

మర్నాడు పొద్దున్నే మేస్త్రి వెళ్ళి అక్కనూ బావనూ వెంటబెట్టుకుని వచ్చాడు. ఇద్దరూ కలిసి తిరుగుతున్నారని అక్క మొహం వెలిగిపోతోంది. "ఇన్నాళ్ళకి బుద్ధొచ్చింది ఇద్దరికీ. ఇంతోటి దానికి పడవ చూడ్డం ఎందుకురా, ఇంట్లో కూర్చుని మాట్లాడుకుంటే పోయేదిగా" అంటూనే లోపలికి వచ్చింది. పడవ రంగు చూసి బుగ్గన చెయ్యి పెట్టుకుంది. ఎంత అందంగా ఉందో అంది.

మేస్త్రి పీట వేసి కూర్చోమన్నాడు. దీపం పెట్టాడు. సున్నాలు చూపించి ఇవి నావి అన్నాడు, గీతలు చూపించి ఇవి బావవి అన్నాడు. నడుం సంగతి, కుళాయి దగ్గర మాట, మధ్యాహ్నం తను చేసిన పని, ఒక్కటీ వదలకుండా చెప్పాడు. మధ్యలో ఎక్కడా ఆగలేదు. ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని ఆయనకు తెలుసు.

"ఆ రోజు నీకు ఒట్టు పెట్టి చెప్పాను చూడు అక్కా, అది నిజం కాదు. బావ చెప్పిందే నిజం."

అక్క లేచి వెళ్ళి, బావ నిన్న నడిచినట్టే, ఒక గీత మీద వేలు పెట్టి చివరిదాకా నడిచింది. తిరిగొచ్చి మొగుడి ముందు నిలబడింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"మీకు కోపం రాలేదా?"

"వచ్చింది. మొదట్లో."

"తర్వాత?"

"తర్వాత తొట్లు చాలా వచ్చాయి, మాట్లు వేయడానికి."

అక్క పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు ఆగాక తమ్ముడి వైపు తిరిగింది. ఆ చూపు ఆయన ఇదివరకెప్పుడూ చూడనిది.

"నిన్ను క్షమించడం నాకు పెద్ద పనేం కాదురా. ఇన్నేళ్ళుగా అదే పని చేస్తున్నా, అలవాటైపోయింది. అందుకే ఇప్పుడు చేయను. నువ్వు కాసేపు బయటికి వెళ్ళు."

తన షెడ్డులోంచి తనే బయటికి నడిచాడు మేస్త్రి. తలుపు దగ్గరగా వేసి మెట్టు మీద కూర్చున్నాడు. రోడ్డు మీద ఎవరో పలకరిస్తే తల ఊపాడు. పగిలిన చెక్క సందులోంచి లోపలి మాటలు వినబడుతూనే ఉన్నాయి.

"మొదట్నుంచీ చెప్పండి" అంటోంది అక్క. "ఆ రోజు పొద్దున్న లేచింది మొదలు."

బావ చెప్పడం మొదలుపెట్టాడు. అలవాటు తప్పిన మనిషిలా ఒక్కో మాటకీ ఆగుతున్నాడు. అక్క అడుగుతూనే ఉంది. ఎన్నింటికి వెళ్ళారు? ఏ గుడ్డతో రాశారు? సందులో మీకు మోకాలు నొప్పి పుట్టలేదా? యజమాని అడిగినప్పుడు పక్కనెవరున్నారు? ఇంటికి ఏ దారిన వచ్చారు? ఆయన అన్నిటికీ చెబుతున్నాడు. ఇంటి గుమ్మం దాకా వచ్చాక గొంతు ఆగింది.

"ఆ సాయంత్రం ఇదంతా నాకు చెప్పారా?" అంది అక్క.

"చెప్పాను."

"నేను విన్నానా?"

మెట్టు మీద మేస్త్రి తలుపు సందుకేసి తల తిప్పాడు.

"విన్నావులే" అన్నాడు బావ.

మేస్త్రి ఎరిగినంతలో బావ ఆడిన అబద్ధం అదొక్కటే.